బాంగ్గాయ్ కార్డినల్ చేప

ఇండోనేషియాలో మధ్య సులవేసికి తూర్పున ఉన్న బాంగ్గాయ్ దీవులు, వాటి పరిసరాల్లో మాత్రమే సహజంగా బతికే పగడపు దిబ్బల చేప. శాస్త్రీయ నామం టెరాపోగాన్ కాడెర్ని. నిండా ఎదిగినా 8 సెంటీమీటర్లకు మించదు. మెరిసే వెండి ఒంటి మీద నిలువు నల్ల పట్టీలు, పొడవాటి నల్ల రెక్కల మీద తెల్లని చుక్కలు ఉంటాయి.

స్వీడన్ జంతుశాస్త్రవేత్త వాల్టర్ కాడెర్న్ 1920లో ఈ చేపలను సేకరించాడు. వాటిని పరిశీలించిన డచ్ శాస్త్రవేత్త కౌమన్స్ 1933లో ఇది కొత్త జాతి అని ప్రకటించి, కాడెర్న్ పేరే పెట్టాడు. ఆ తర్వాత అరవై ఏళ్లు దీని ఊసెత్తినవారు దాదాపు లేరు. 1994లో జెరాల్డ్ ఆలెన్, రోజర్ స్టీన్ బాంగ్గాయ్ వెళ్లి దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అక్వేరియం వ్యాపారం వెంటనే ఎగబడింది. కొన్నేళ్లకే ఏటా లక్షల చేపలు విదేశాలకు తరలిపోసాగాయి.

ఇది లోతుకు పోయే చేప కాదు. ఒడ్డు దగ్గర, అలలు తాకని రెండు మూడు మీటర్ల నీళ్లలో, సముద్రపు గడ్డి, పగడాల మధ్య గుంపుగా ఉంటుంది. అలికిడి వినిపిస్తే చాలు, సీ అర్చిన్ పొడవాటి నల్ల ముళ్ల సందుల్లోకి దూరిపోతుంది. పిల్లలు ఎక్కువగా సీ ఎనిమోన్లలో తలదాచుకుంటాయి. సంతానాన్ని సాకేది తండ్రే. ఆడచేప పెట్టిన కొన్ని పదుల గుడ్లను మగచేప నోట్లోకి తీసుకుని సుమారు మూడు వారాలు మోస్తుంది. పొదిగాక కూడా పిల్లలను మరో పది రోజులు నోట్లోనే ఉంచుకుంటుంది. అన్నాళ్లూ దానికి ఉపవాసమే. ఇంతా చేసి, బయటికి వచ్చిన పిల్లలను పెద్ద చేపలు తినేయడమూ ఉంది!

చాలా పగడపు దిబ్బల చేపల పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి దూరాన స్థిరపడతాయి. దీనికి ఆ దశ లేదు, పుట్టిన చోటే పెరుగుతుంది. అందుకే కొద్ది కిలోమీటర్ల ఎడంలో ఉన్న గుంపుల మధ్య కూడా జన్యుపరమైన తేడాలు కనిపించాయి. ఒక దిబ్బను ఊడ్చేస్తే పక్క దిబ్బ నుంచి వచ్చి నింపేవి అరుదు. పైగా స్థానికులు సీ అర్చిన్లను, సీ ఎనిమోన్లను ఏరుకోవడంతో ఉన్న చేపలకు నీడ కరువైంది. వ్యాపారుల చేతుల మీదుగా ఉత్తర సులవేసిలోని లెంబె జలసంధి వంటి చోట్లకు చేరి అక్కడా స్థిరపడినా, సొంత దీవుల్లో తగ్గిన సంఖ్యకు అది బదులు కాదు.

2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పున్న జాతిగా గుర్తించింది. అంతర్జాతీయ వ్యాపారానికి కళ్లెం వేయాలని అదే ఏడాది అమెరికా, 2016లో ఐరోపా సమాఖ్య వన్యజీవుల వ్యాపార ఒప్పందమైన సైటిస్ సదస్సుల్లో పెట్టిన ప్రతిపాదనలు నెగ్గలేదు. 2018లో ఇండోనేషియా పరిమిత రక్షణ ప్రకటించి, గుడ్లు పెట్టే కాలంలో బాంగ్గాయ్ దీవుల దగ్గర వీటిని పట్టడాన్ని నిషేధించింది. ఈ చేప తొట్టెల్లోనూ పిల్లలను పెడుతుంది కనుక, కొనేవారు అలా పెంచినవాటినే అడిగి తీసుకోవడం మేలు.