సింగానల్లూరు చెరువు: మడి నీటి నుండి నగర విహారమునకు

ప్రత్యేక సంచికలలో మిల్లులను గూర్చియు, విద్యాలయములను గూర్చియు, ధర్మసంస్థలను గూర్చియు వ్రాయుట ఆచారము. కోయంబత్తూరు తెలుగువారికి అట్టి విషయములకు కొదువ లేదు. 1910లో వెలసిన లక్ష్మీ మిల్లులను, 1926లో పీళమేడున నెలకొనిన పి.ఎస్.జి. ధర్మసంస్థను ఎరుగనివారు మనలో నుండరు. కాని వీనికన్నిటికి పూర్వమే పుట్టి, ఎన్నో తరములకు కూడు పెట్టి, పాలకవర్గము గాని వార్షికోత్సవము గాని లేకయే మన వాకిట నిలిచియున్న సంస్థ మరియొకటి కలదు. అది సింగానల్లూరు చెరువు.

పడమటి కనుమల చాటుననుండుటచే వాన తక్కువగా కురియు ఈ సీమకు నొయ్యల్ నదియే ఆధారము. వెళ్ళియంగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించి కావేరిలో కలియు ఈ చిన్న యేరు సంవత్సరములో కొలది దినములు మాత్రమే పొంగును. ఆ కొలది దినముల వరదనే ఏడాది పొడవునకు సరిపెట్టుకొనవలెనని యోచించిన పూర్వులు, నదికి అడ్డముగా ఆనకట్టలు వరుసగా కట్టి, వానినుండి కాలువలు తీసి, ఉక్కడము పెద్దచెరువు, వాలాంకుళము, సింగానల్లూరు మొదలగు తటాకములను నింపు ఏర్పాటు గావించిరి. ఈ చెరువులు కొంగుచోళుల నాటివని ప్రతీతి.

విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మధుర నాయకరాజుల యేలుబడిలోను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములలో కమ్మవారు అనేకులు ఈ ప్రాంతపు నల్లరేగడి భూములను చూచి నిలిచిపోయిరి. సింగానల్లూరు, పీళమేడు, ఉప్పిలిపాళయము వంటి ఊళ్ళలో ఇంట తెలుగును, వీథిలో తమిళమును నేటికిని వినబడుచునే యున్నవి. మెట్టలో పత్తి, చెరువు క్రింద వరి: ఇదియే వారి సేద్యము. తూము ఎత్తి దింపి నీరు పంచుటకు నీరటికాడుండెడివాడు. కట్ట తెగినను, కాలువ పూడినను ఆయకట్టు రైతులు కూడి బాగుచేసికొనెడివారు. సర్కారు కాగితములలో కుడిమరామత్తుగా వ్రాయబడిన పని ఇదియే. పంట కావలసినవాడు కట్టను చూచుకొనక తప్పదు. కావున చెరువునకు వేరుగా కావలివారితో పనిలేకపోయెను.

1932లో పైకారా విద్యుత్తు వచ్చినది మొదలు మిల్లులు పెరిగినవి, మిల్లులతో ఇండ్లు పెరిగినవి. 1981లో సింగానల్లూరు పురపాలక సంఘము కోయంబత్తూరు నగరపాలక సంస్థలో కలిసిపోయెను. వరిమడులు వీథులైనవి, నదీజలముతోపాటు నగరపు మురుగును చెరువు చేరసాగెను. రైతు లేని చెరువు అనాథ యైనది.

అట్టి అనాథను పిమ్మట విహారస్థలముగా చేయబూనిరి. పడవలు నడిపిరి, జనులు పిల్లలతో వచ్చిరి. కాని మురుగు నీటి సారమును త్రావి బలిసిన గుర్రపుడెక్క నీటిపై పరచుకొని పడవలకు దారి లేకుండ చేసెను. ఈ సందర్భమున మధుర జ్ఞప్తికి వచ్చును. 1645లో తిరుమల నాయకుడు వండియూరున త్రవ్వించిన తెప్పకుళము మొదటినుండియు ఉత్సవమునకై యేర్పడినది. తై మాసమున మీనాక్షీ సుందరేశ్వరులు తెప్పలపై నడుమనున్న మండపమును చుట్టి విహరింతురు. అచ్చట వినోదమే పుట్టుక. ఇచ్చట వినోదము వ్యవసాయము విడిచిపోయిన చోట వచ్చి కూర్చున్నది. పుట్టుకలో భేదమున్నను, నీరెండిననాటి తెప్పకుళమును, మురికిపట్టిన సింగానల్లూరును నేర్పు పాఠ మొక్కటియే: నీరు సరిగా రానిచో విహారము సాగదు.

మనుష్యులకంటె పక్షులు ఈ సంగతిని ముందుగా గ్రహించును. కట్టమీద కొంతసేపు నిలుచుండి చూడుడు. ఊదారంగు నీటికోడి తుంగకాడను పెరికి, పొడుగైన కాలివ్రేళ్ళతో చేతబట్టినట్లు పట్టుకొని, ముక్కుతో పై పట్ట నొలిచి లోని మెత్తని భాగమును తినును. దానికి గుర్రపుడెక్క నడిచిపోవుటకు వీలైన నేల. మునుగుడుకోడికిని, నీటికాకికిని అదే గుర్రపుడెక్క శత్రువు. మునిగి చేపను పట్టవలెనన్న విశాలమైన నీరు కావలెను గదా! ఆ ఆకులు వెలుతురును అడ్డగించి, అడుగున క్రుళ్ళి ప్రాణవాయువును హరించినచో చేపయే యుండదు. ఎర్రకాళ్ళ కొంగ సగము తెరచిన ముక్కును నీటిలో ముంచి ఇటునటు త్రిప్పుచు, చేప తగిలినంతనే టక్కున మూయును. లోతు మించినచో దానికి జీవనము లేదు. ఇట్లు ఒకే చెరువులో లోతు నీరు, లోతులేని నీరు, తుంగ, బురద అన్నియు నుండవలెను. కట్టచుట్టును రాయిపరచి, ఒడ్డునంతయు సిమెంటుతో సమముగా చేసినచో బాటసారికి సుఖమే గాని బురదలో పురుగుల నేరుకొను ఉల్లంకులకు చోటుండదు.

చెంగల్పట్టు ప్రాంతమందలి వేడంతాంగల్ గ్రామస్థులు 1798లోనే కలెక్టరు లయనెల్ ప్లేసు వలన తమ చెరువు పక్షులను కాపాడుకొను హక్కును పొందిరి. పక్షుల రెట్టలతో సారవంతమైన నీరు తమ పొలములకు ఎరువని వారెరుగుదురు. అచ్చట పంటకును పక్షికిని గల సంబంధము తెగలేదు. మనకు తెగినది. దానికి మారుగా క్రొత్త సంబంధము నొకదానిని కట్టుకొనవలసియున్నది.

అందుకు ఆరంభములు కలవు. 2013లో ఉక్కడము పెద్దచెరువు పూడిక తీయుటకు వేలకొలది నగరవాసులు పారలు పట్టి వచ్చిరి. 2017లో నగరపాలక సంస్థ సింగానల్లూరు చెరువును నగర జీవవైవిధ్య సంరక్షణ కేంద్రముగా ప్రకటించెను. ఏడువందలకు పైబడిన వృక్ష జంతు జాతులు ఇచ్చట నమోదైనవి. 2015 నుండి ఏటేట పొంగలు సెలవులలో పక్షిప్రేమికులు తమిళనాడంతట పక్షులను లెక్కించుచున్నారు.

చెరువు క్రింద నేడు మిగిలిన ఆయకట్టు నడకకు, చూపునకు, ఊపిరికి వచ్చువారే. కావున నీరటికాని పనియు, కుడిమరామత్తు బాధ్యతయు వారిమీదనే పడినవి. మన పూర్వులు తూము కడ నిలిచి నీటి మట్టమును చూచుకొనిరి. మనము కట్టమీద నిలిచి ఏ పక్షి వచ్చినది, ఏది రాలేదని వ్రాసికొని, రానిదానికి కారణమును నగరపాలక సంస్థ నడుగవలెను. వచ్చు పొంగలునాటికి మన వాడకట్టునుండి పదిమందియైనను పుస్తకము పట్టుకొని కట్టమీదికి వచ్చినచో, ఈ సంస్థకును ఒక పాలకవర్గ మేర్పడినట్లే.