ఒకే గదిలో పడుకుంటే చాటు లేనట్టేనా?



"మీ ఇంట్లో అందరూ ఒకే గదిలో పడుకుంటారా?" కాలేజీకి వచ్చాక మనలో చాలామందికి ఎదురైన ప్రశ్న ఇది. అడిగినోళ్లు నవ్వుతారు, మనం తల దించుకుంటాం. ఆ తల దించుకోవడం అవసరమా? చరిత్రనే అడుగుదాం.

ముందు ఒక మాట. సామాన్యుల ఇళ్లలో విడిగా పడకగది అనేది చాలాచోట్ల అంత పాత అలవాటు కాదు. ఇంగ్లండులో 1590ల ప్రాంతంలో చేసిన 'గ్రేట్ బెడ్ ఆఫ్ వేర్' అనే మంచం మూడు మీటర్ల పైన వెడల్పు. సత్రానికి వచ్చిన బాటసారులు దాని మీద కలిసే పడుకునేవాళ్లు. మన మైదాన ఊళ్లలో కూడా మగవాళ్లు అరుగుల మీద, ఆడవాళ్లు పిల్లలతో లోపల చాపల మీద పడుకున్నది తాతల కాలం ముచ్చటే.

మరి మన దగ్గర? నల్లమల చెంచు పెంటల్లో పాతకాలం గుండ్రటి గుడిసె మొత్తం ఒకటే గది. అయితే గోడ లేనంత మాత్రాన చాటు లేదని కాదు. బస్తర్‌లో మురియా గోండుల ఘోటుల్ చూడండి. పెళ్లికాని పిల్లలు, అంటే చేలిక్‌లు, మోటియారిలు రాత్రి అక్కడ పడుకునేవాళ్లు. వెరియర్ ఎల్విన్ 1947లో దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. బయటివాళ్లు మాత్రం అందులో శృంగారం ఒక్కటే చూశారు. అమ్మానాన్నల ఏకాంతం పిల్లల కంట పడకూడదనే మురియాల కట్టుబాటును పట్టించుకోలేదు. ఇంట్లో అడ్డుగోడ కట్టే బదులు ఊరే పిల్లలకు ఒక ఇల్లు కట్టింది. పాట, ఆట, పని, క్రమశిక్షణ అక్కడే నేర్పింది. ఉరావ్‌ల ధుంకురియా, ముండాల గితిఓరా, నాగాల మొరంగ్ కూడా ఇలాంటి ఇళ్లే.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. అక్కడా పిల్లలంతా ఒకే హాల్లో పడుకుంటారు. కానీ గంట మోగించేది వార్డెన్, మన భాష, మన పాట దాదాపు ఉండవు. చూడటానికి రెండూ ఒకటే, లోపల మాత్రం చాలా తేడా.

పాతదంతా బంగారం అని మేం అనట్లేదు. వయసొచ్చిన చెల్లికి బట్టలు మార్చుకునే చాటు కావాలి, చదువుకునే మూల కావాలి. అది అడగడం సిగ్గు కాదు, హక్కు. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో ఇంటికి కనీస కొలత వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. అందులో అవ్వ మంచం ఎక్కడ, కొత్తజంట ఎక్కడ, ఇంటర్ చదివే పిల్ల ఎక్కడ? ముగ్గు పోసే ముందే ఈ మాట ఇంట్లో, గ్రామసభలో ఎత్తాలి. మనం ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు?

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వను, తాతను అడగండి: మీ రోజుల్లో ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు, కొత్తగా పెళ్లైనోళ్లకు చోటు ఎలా ఇచ్చేవాళ్లు? విన్నది విన్నట్టు రాసి పెట్టండి. మన ఇంటి లెక్క తెలిస్తే, ఇంకెవరో నవ్వినప్పుడు జవాబు చెప్పగలం, రేపటి ఇల్లు ఎలా ఉండాలో కూడా చెప్పగలం.