ప్రళయకావేరిలో చివరి రుతువు: ఆంధ్రదేశ పక్షి పరిశీలన చరిత్రలో ఒక విస్మృత కాలం

వ్యాససంగ్రహం

పులికాట్ సరస్సు పక్షుల గురించి లభిస్తున్న సమాచారంలో అధికభాగం శీతకాల మధ్యానికి, ముఖ్యంగా జనవరికి చెందినది. వలసపక్షులు తిరుగుముఖం పట్టే మార్చి, ఏప్రిల్ నెలలు, కొన్ని పక్షులు మిగిలిపోయే మే నెల చరిత్ర రచనలో చోటు పొందలేదు. ఈ లోపం ఎలా ఏర్పడింది, చివరి రుతువు ఆధారాలను ఏ పద్ధతిలో చదవాలి అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పులికాట్, ప్రళయకావేరి, నేలపట్టు, ఆరేడు, గూడబాతు, వలస, ఆధార పరిశీలన.

1. ఉపోద్ఘాతం

ఒడిశాలోని చిలికా తరువాత మనదేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఇందులో ఎక్కువభాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నాయి. తమిళంలో పళవేర్కాడు అనే పేరుకు ఇక్కడి తెలుగువారి నోట వినిపించే రూపం ప్రళయకావేరి. ఈ తీరపు పలుకుబడిని సాహిత్యంలోకి తెచ్చిన స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' వల్ల ఆ పేరు తెలుగు పాఠకులకు సుపరిచితమైంది.

శాసనానికీ, తాళపత్రానికీ కాలనిర్ణయం చేయకుండా చరిత్రకారుడు ముందుకు సాగడు. పక్షుల విషయంలో మాత్రం ఈ నియమం సడలిపోతున్నది. 'పులికాట్‌లో వేల పక్షులు ఉన్నాయి' అనే వాక్యం ఏ నెలకు చెందినదో చెప్పకుండానే ఒక గ్రంథం నుండి మరో గ్రంథానికి చేరుతున్నది. సంవత్సరం తెలిసినంత మాత్రాన పక్షి ఆధారానికి కాలం నిర్ణయమైనట్లు కాదు; నెల కూడా తెలియాలి. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం ఇదే.

2. సరస్సు సంవత్సరచక్రం

పులికాట్‌కు ప్రధానమైన నీటి ఆధారం ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వర్షాలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల ప్రాంతాల నుండి మంచినీరు చేరుతుంది. శ్రీహరికోట దీవి సరస్సునూ బంగాళాఖాతాన్నీ వేరు చేస్తుంది. ఇసుక మేటల మధ్యనున్న ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వచ్చిపోతుంది. ఫిబ్రవరి నాటికి నీటిమట్టం తగ్గుతూ, ఉప్పదనం పెరుగుతూ వస్తుంది. వేసవిలో ఉత్తరభాగంలో విశాలమైన మేర బురదనేలగా, ఆ తరువాత ఉప్పు పేరుకున్న బీడుగా మారుతుంది.

పక్షుల రాకపోకలు ఈ నీటి లెక్కను అనుసరించే జరుగుతాయి. నీరు లోతుగా ఉన్నప్పుడు పొడవుకాళ్ల పక్షులు అంచులకే పరిమితమవుతాయి. నీరు తీసే కొద్దీ మేత దొరికే నేల మొదట పెరుగుతుంది, తరువాత ఒక్కసారిగా తగ్గుతుంది. ఫలితంగా మార్చిలో మిగిలిన కొద్దిపాటి మడుగుల వద్ద పక్షులు గుమిగూడుతాయి. సరస్సులోని మొత్తం సంఖ్య తగ్గుతున్న కాలంలోనే చూపరికి ఒకేచోట అత్యధిక సంఖ్య కనిపించడం ఈ రుతువు లక్షణం. దీనిని గమనించని పరిశీలకుడు క్షీణతను సమృద్ధిగా పొరబడే అవకాశం ఉంది.

చివరి రుతువుకు మరో విశేషం ఉంది. చలికాలమంతా బూడిదవన్నెలో ఒకదానినొకటి పోలి ఉండే ఉల్లంకి జాతి పక్షులు ఉత్తరానికి బయలుదేరే ముందు సంతానకాలపు రంగులు ధరిస్తాయి. నల్లతోక గాడ్విట్ మెడ ఇటుకవన్నె తిరుగుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ ఛాతీ, పొట్ట ముదురు ఎరుపుకు మారుతాయి. బ్రౌన్ హెడెడ్ గల్ తలకు శీతకాలంలో లేని గోధుమరంగు ముసుగు ఏర్పడుతుంది. జనవరిలో నిపుణులకు సైతం సందేహం కలిగించే కొన్ని జాతులను ఏప్రిల్‌లో తేలికగా గుర్తించవచ్చు. కనుక జాతి నిర్ధారణకు సంబంధించినంతవరకు చివరి రుతువు ఆధారం తరచుగా ఎక్కువ విశ్వసనీయం.

3. కావ్యపరంపరలో తిరుగు ప్రయాణం

పక్షులు తిరిగిపోవడాన్ని మన సాహిత్యం గమనించలేదని చెప్పలేము. తొలకరి మేఘాలను చూసి హంసలు మానససరోవరానికి బయలుదేరుతాయన్నది ప్రసిద్ధ కవిసమయం. కాళిదాసు 'మేఘదూతం'లో స్థిరపడిన ఈ భావన తెలుగు ప్రబంధాల వర్షర్తు వర్ణనలలోనూ కొనసాగింది.

అయితే హిమాలయాలకు ఆవలి ఎత్తైన సరస్సుల వద్ద సంతానాన్ని వృద్ధి చేసుకొని, దక్షిణ భారత జలాశయాలకు శీతకాలంలో వచ్చే చారలతల బాతు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తిరిగి వెళ్లిపోతుంది. తొలకరి వరకు ఆగదు. అంటే కవిసమయం దిశను సరిగానే చెప్పింది, కాలాన్ని మాత్రం రెండు మూడు నెలలు వెనక్కి జరిపింది. విరహానికి మేఘం ఉద్దీపనం కావడం వల్ల పక్షి ప్రయాణం కూడా మేఘంతో ముడిపడింది. దీనిని కవుల అజ్ఞానంగా భావించనవసరం లేదు. కావ్యాన్ని ప్రకృతి చరిత్రకు ఆధారంగా స్వీకరించేవారు కవిసమయానికీ క్షేత్రదర్శనానికీ ఉన్న ఈ ఎడాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

4. జెర్డన్ నుండి ఆరేడు వరకు

ఆధునిక పద్ధతిలో ఈ ప్రాంతపు పక్షులను నమోదు చేసిన తొలితరం వారిలో థామస్ కావర్‌హిల్ జెర్డన్ ముఖ్యుడు. 1836లో మద్రాసు చేరిన ఈ వైద్యుడు కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. దక్షిణాపథ పక్షుల పట్టికను 1839-40లలో మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో ప్రచురించాడు. ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' 1862-64 మధ్య వెలువడింది. పక్షుల దేశీయ నామాలను, వాటిలో తెలుగు పేర్లను కూడా ఆయన నమోదు చేయడం మనకు విశేషం. నేడు పత్రికలు రాజహంస అనీ, ఫ్లెమింగో అనీ రాస్తున్న పక్షికి ఆయన ఇచ్చిన తెలుగు పేరు పూకొంగ. ఈ పేరు పండితుల కల్పన కాదు. ఆ పక్షులను నిత్యం చూసినవారి వాడుక.

కర్ణాటక ప్రాంతంలో ఊరి నడుమ చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొన్న ఒక చోటును తాను చూశానని జెర్డన్ రాశాడు. అవి తరతరాలుగా అక్కడ ఉంటున్నాయని చెప్పినవారు ఆ గ్రామస్థులే. ఆ వర్ణనలో ఊరి పేరు లేదు. పక్షి పేరు శాస్త్రగ్రంథంలో నిలిచింది, దానిని కాపాడిన ఊరు చరిత్ర నుండి జారిపోయింది.

1902లో కడప జిల్లాలో మరో గూడబాతుల కాలనీ నమోదైంది. అక్కడ ఎర్రకాళ్ల కొంగలతో కలిసి గూడబాతులు మార్చి నెలలో గూళ్లలో ఉన్నాయి. ఆ కాలనీ జాడ మళ్లీ దొరకలేదు. మార్చి అనే ఒక్క మాట ఉండడం వల్లనే ఈ ఆధారానికి విలువ పెరిగింది. వలసపక్షులు వెళ్లిపోయే కాలం స్థానిక పక్షులకు పిల్లలను పెంచే కాలమని అది సూచిస్తున్నది.

1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేరు సమీపంలోని ఆరేడు గ్రామం వద్ద గూడబాతుల కాలనీని గుర్తించాడు. మలయాళంలో ఇందుచూడన్ పేరుతో ప్రసిద్ధుడైన ఈయన రాసిన వివరణ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1949లో వెలువడింది. 1970వ దశకం మధ్యనాటికి ఆ కాలనీ ఖాళీ అయింది. ఒక కాలనీ ఎప్పుడు కనిపించిందో చెప్పగలుగుతున్నాము. ఏ ఏటి చివరి రుతువులో పిల్లలు ఎగరకుండానే మిగిలిపోయాయో చెప్పలేకపోతున్నాము. కాలనీల పతనానికి సంబంధించిన చరిత్ర ఈ రెండవ ప్రశ్నలోనే ఉంది.

5. జనవరి ప్రాధాన్యం

శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఏర్పడి 1971లో తొలి ప్రయోగం జరిగింది. సూళ్లూరుపేట నుండి సరస్సు మీదుగా సాగే రహదారి పరిశీలకులకు సరస్సు నడిబొడ్డును అందుబాటులోకి తెచ్చింది. 1976లో పులికాట్, నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రాలయ్యాయి. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ప్రతి జనవరిలో జరుగుతున్నది. 2001 నుండి సూళ్లూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో పండుగ కూడా శీతకాలపు ఉత్సవంగానే స్థిరపడింది.

జనవరిని ఎన్నుకోవడానికి శాస్త్రీయ కారణం ఉంది. అప్పుడు వలసపక్షులు శీతకాల స్థావరాలలో చాలావరకు కుదురుకొని ఉంటాయి. ఒకే కాలంలో అనేక దేశాలలో లెక్కించడం వల్ల పోలిక సాధ్యమవుతుంది. ఈ గణన విలువను తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కాని 'శీతకాల మధ్యంలో ఎన్ని పక్షులు ఉన్నాయి' అనే ప్రశ్నకు వచ్చిన జవాబును 'సరస్సు ఎలా ఉంది' అనే ప్రశ్నకు జవాబుగా స్వీకరించడం సరికాదు.

నేలపట్టు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఈశాన్య వర్షాల తరువాత గూళ్లు కడతాయి. గూడబాతులు మేతకోసం పులికాట్ వైపు ఎగిరి వెళ్తాయి. జనవరిలో గూళ్లను లెక్కించవచ్చు. ఎన్ని పిల్లలు ఎగిరాయన్నది మార్చి, ఏప్రిల్ నెలల్లో గాని తేలదు. అప్పటి వరకు చెట్ల మొదళ్ల వద్ద నీరు నిలుస్తుందా, సరస్సులో చేపలు దొరుకుతాయా అనేవే ఆ సంవత్సరపు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. జనవరి పట్టికలో ఉత్తమంగా కనిపించిన సంవత్సరం ఏప్రిల్ నాటికి విఫలమై ఉండవచ్చు.

6. చివరి రుతువు ఆధారాలను చదివే పద్ధతి

పై చర్చ ఆధారంగా మూడు ప్రమాణాలను సూచించవచ్చు. మొదటిది నెల. నెల తెలియని సంఖ్యను నెల తెలిసిన సంఖ్యతో పోల్చి పెరుగుదలను గాని, తగ్గుదలను గాని నిర్ణయించరాదు. రెండవది నీరు. ఆ ఏటి వర్షం, ముఖద్వారాల స్థితి, నీరు నిలిచిన మేర తెలిసినప్పుడే సంఖ్యకు అర్థం ఏర్పడుతుంది. మూడవది పక్షి వయస్సు, రంగు. ఉల్లంకి జాతులలో తొలి ఏటి పక్షులు కొన్ని ఉత్తరానికి పోకుండా వేసవిలోనూ ఇక్కడే ఉండిపోతాయి. మే నెలలో కనిపించిన పక్షిని ఆలస్యంగా వెళ్తున్న ప్రయాణికునిగా భావించాలా, వెళ్లని పిల్లపక్షిగా భావించాలా అన్నది ఈకల రంగును బట్టి తేల్చవలసిన విషయం.

లిఖిత ఆధారాలు లేనిచోట మౌఖిక చరిత్ర అవసరమవుతుంది. ఉత్సవాలు ముగిసి సందర్శకులు వెళ్లిన తరువాత కూడా సరస్సు వద్ద ఉండేవారు యానాదులు, పట్టపువారు, చెరువు కింది రైతులు. ముఖద్వారం ఏ ఏట పూడిందో, వేసవిలో ఎక్కడ మడుగు నిలిచిందో వారికి జీవనోపాధికి సంబంధించిన విషయం. వారి జ్ఞాపకంలో సంవత్సరానికి సంఖ్య ఉండకపోవచ్చు, తుఫానో కరవో గుర్తుగా ఉంటుంది. వర్షపాత పట్టికలతో, తుఫానుల నమోదుతో ఆ గుర్తులను జతపరచడం చరిత్ర పరిశోధకునికి పరిచితమైన పనే.

7. ముగింపు

జెర్డన్ చూసిన ఊరికి పేరు మిగలలేదు. కడప జిల్లా కాలనీకి జాడ మిగలలేదు. ఆరేడు కాలనీ కథలో ఆవిష్కరణ సంవత్సరం ఉన్నంత స్పష్టంగా వైఫల్యపు సంవత్సరాలు లేవు. మూడింటిలోనూ నష్టపోయినది రుతువు ముగింపుకు సంబంధించిన సమాచారమే. నేలపట్టు, పులికాట్‌ల విషయంలో ఆ సమాచారాన్ని కాపాడుకునే అవకాశం ఇంకా ఉంది. సరస్సు పరిసరాల కళాశాలల చరిత్ర, జంతుశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి మార్చి నుండి మే వరకు వారానికొకసారి నీటిమట్టం, పక్షి జాతులు, వాటి స్థానిక నామాలు నమోదు చేసే పుస్తకాన్ని ఏటేటా కొనసాగిస్తే, రాబోయే పరిశోధకునికి సంవత్సరంతో పాటు నెల కూడా తెలిసిన ఆధారం లభిస్తుంది. పరీక్షల కాలం కావడమే ఈ పనికి ప్రధానమైన అడ్డంకి. పూకొంగలు తరలిపోయే కాలమూ అదే.