ఆముదం తాగిన మొహం

ఎవరైనా కాస్త దిగాలుగా కనిపిస్తే చాలు, "ఏమిటోయ్, ఆముదం తాగిన మొహం పెట్టావు?" అంటాం. ఈ మాట అనేవాళ్లలో నిజంగా ఆముదం తాగినవాళ్లు ఇప్పుడు ఎందరున్నారో గాని, మా చిన్నతనంలో ఆ మొహం ఎలా ఉంటుందో తెలియని పిల్ల మా వీధిలో లేదు. వేసవి సెలవులన్నాళ్లూ మామిడిపళ్లు తెగ తిని ఉంటామా, బళ్లు తెరవబోయే ముందు ఓ ఆదివారం తెల్లవారకుండానే అమ్మమ్మ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టేది. ముక్కు మూసి, శొంఠి కషాయంలో కలిపిన ఆముదం గొంతులో పోసేది. ఇక ఆ పూటంతా పెరట్లోకి పరుగులే పరుగులు. మధ్యాహ్నానికి మిరియాల చారూ అన్నమూ.

ఇదంతా మన పల్లెటూరి వైద్యం అనుకునేదాన్ని. కాదట. ఈజిప్టులో క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంలో రాసిన వైద్యగ్రంథం ఒకటి దొరికింది. ఎబర్స్ అనే జర్మన్ పండితుడు కొన్నాడు కాబట్టి ఎబర్స్ పపైరస్ అంటారు. అందులో మలబద్ధకానికి ఆముదపు గింజలు నమిలి బీరుతో మింగమని ఉంది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండేం! ఆ గింజలో రిసిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. మన ముత్తవ్వలు ఈ విషం పేరు ఎరగరు. కానీ గింజల్ని వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెనే తీసేవారు. అదే వంటాముదం. నూనెలోకి విషం దిగదు, మిగిలిన కాస్తా ఉడుకుకి విరిగిపోతుంది.

మన చరకుడు ఇంకా తెలివైనవాడు. విరేచనం మందులన్నిటినీ ఒక గాటన కట్టలేదు. సుఖంగా అయ్యేందుకు తెగడ వేరు మేలన్నాడు, మృదువుగా అయ్యేందుకు రేల గుజ్జు మేలన్నాడు, తీక్ష్ణమైన వాటిలో జెముడు పాలకి పెద్దపీట వేశాడు. మనిషిని బట్టి, బలాన్ని బట్టి మందు అన్నమాట. ఈ ఒక్క ముక్కనీ తర్వాతివాళ్లు చాలాసార్లు మరిచిపోయారు.

మరిచిపోవడమేమిటి, ఇటలీలో ముస్సోలినీ మనుషులు 1920లలో ఆముదాన్ని ఆయుధంగానే వాడారు. గిట్టనివాళ్లని పట్టుకుని, సీసాలకి సీసాలు బలవంతంగా తాగించేవారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఆముదం ఎందుకంత గట్టిగా పనిచేస్తుందో 2012లో జర్మన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. అందులోని ఒక ఆమ్లం పేగు కండరాల మీద ఉండే ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుందట. అలాంటి గ్రాహకమే గర్భసంచిలోనూ ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు తమంతట తాము ఆముదం తాగకూడదని ఎందుకంటారో ఇప్పుడు తెలిసిందిగా!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఇంకో భయం పట్టుకుంది. రోజూ సాఫీగా కాకపోతే ఒళ్లంతా విషం ఎక్కుతుందని. లండన్‌లో లేన్ అనే పేరుమోసిన సర్జన్ మలబద్ధకం ఉన్నవాళ్లకి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేశాడు! అదే రోజుల్లో ఫినాఫ్తలీన్ అనే రసాయనం చాక్లెట్ రుచితో అమ్మకానికొచ్చింది. పిల్లలు మిఠాయిలా తిన్నారు. ఎన్నో దశాబ్దాలు ఇంటింటా వాడాక, అది క్షేమం కాదని అమెరికా ప్రభుత్వం 1999లో పక్కన పెట్టింది. తియ్యగా ఉన్నదల్లా మంచిది కాదు.

ఇక మలాన్ని మెత్తబరిచే మందు కథ. డాక్యుసేట్ దాని పేరు. పుట్టుక చూస్తే కార్ఖానాల్లో వస్తువుల్ని తడిపేందుకు వాడే రసాయనం. దాన్ని మలబద్ధకానికి వాడి చూశామని 1955లో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ప్రకటించారు. జిడ్డు గుడ్డని ఉత్త నీళ్లలో ముంచితే తడవదు, కాస్త సబ్బు వేస్తే నీరు లోపలికి పోతుంది కదా? అదే పని పేగులో చేస్తుంది. పేగుని కదిలించదు, మెలిపెట్టదు. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడో రోజూ పడుతుంది. రాత్రి వేసుకుని, పొద్దున్నే "ఏమీ కాలేదే!" అని ఇంకోటి వేసుకోకూడదు.

అలాగని అదేమీ అద్భుతం కాదు. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో దీనికన్నా మన ఇసబ్గోలే మెరుగని తేలింది. గుర్రం చెవిలా ఉండే గింజ కాబట్టి పారశీకులు దానికి ఆ పేరు పెట్టారు. పండేది ముఖ్యంగా మన దేశంలోనే. ఆఫ్రికాలో పనిచేసిన బర్కిట్ అనే డాక్టరు 1972లో అసలు రహస్యం బయటపెట్టాడు. ఉగాండా పల్లెవాసుల్లో తిన్నది ఒకటిన్నర రోజులో బయటికి పోతోంది, తెల్లరొట్టె తినే ఇంగ్లీషువాళ్లకి మూడు రోజులు దాటుతోంది. తేడా అంతా పీచులో ఉందన్నాడు.

అయితే ఆయన లెక్కలోకి రాని కారణం ఒకటి మన ఆడవాళ్లకి తెలుసు. మా పిన్ని పద్నాలుగు మంది ఉన్న ఇంటికి కోడలుగా వెళ్లింది. దొడ్లో ఒక్కటే పాయిఖానా. అక్కడికి పోవాలంటే మామగారు పేపరు చదువుకునే వసారా దాటాలి. చేతిలో చెంబుతో ఆయన ముందునుంచి ఎలా వెళ్లడం? ఆపుకునేది. పల్లెల్లో చీకటి పడేదాకా ఆపుకున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ అలవాటు జబ్బయింది. ఏళ్ల తరబడి రోజూ రాత్రి సునాముఖి ఆకు నానబెట్టుకుని తాగేది. చివరికి రక్తం పడుతుంటే మూలశంక అనుకుని ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి పెద్దపేగులో గడ్డ ముదిరిపోయింది. రెండేళ్లు బతికింది. సునాముఖి వల్ల గడ్డ వచ్చిందనడం లేదు. "రక్తం పడుతోంది" అనే మాట నోరు దాటి రాకపోవడమే మా పిన్నిని తీసుకుపోయింది.

అందుకే సిగ్గు విడిచి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఎప్పుడైనా బిగిస్తే ముందు నీళ్లూ, ఆకుకూరలూ, పళ్లూ చూడండి. ఇసబ్గోల్ అయినా, మెత్తబరిచే మందు అయినా గ్లాసు నిండా నీళ్లతోనే వేసుకోవాలి. ఇసబ్గోల్ నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. చీటీ మీద రాసిన మోతాదు దాటకూడదు. లిక్విడ్ పారఫిన్ ఉన్న తెల్లమందుతో కలిపి డాక్యుసేట్ వేసుకోకూడదు. వారం దాటినా తగ్గకపోతే డాక్టరుని అడగాలి. కడుపు నొప్పీ వాంతులూ ఉంటే అసలు ఏ విరేచనం మందూ వేసుకోకుండానే వెళ్లాలి. ఇనుము మాత్రలూ, కొన్ని నొప్పి మందులూ కూడా బిగిస్తాయి, ఆ సంగతీ చెప్పండి. గర్భిణులకూ చంటిపిల్లలకూ సొంత వైద్యం వద్దు. రక్తం పడినా, ఒళ్లు తగ్గుతున్నా, ఎన్నాళ్లనుంచో ఉన్న అలవాటు మారినా ఒక్క రోజు కూడా దాచవద్దు.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నారు. అమ్మమ్మ రోజుల్లో వేరే చెట్టు లేదు. ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా ఆముదం తాగిన మొహంతో కనిపిస్తే నవ్వి ఊరుకోకండి. పక్కన కూర్చుని, "ఏమైంది?" అని ఒక్కసారి అడగండి. మా పిన్నిని ఎవరూ అడగలేదు.