"ఎంత?" నుంచి "ఎందుకు?" దాకా: కాలేజీ లెక్కల వెనుక కథ

మన సంఘం సమావేశానికి వచ్చినప్పుడల్లా నేను ఇంజనీరునని తెలిసి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంటర్‌లో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు కాలేజీలో మొదటి సెమిస్టరుకే బెంబేలెత్తిపోతున్నాడేమిటండీ?" అని. పిల్లవాడి తెలివి తగ్గలేదు. అక్కడ లెక్కలు అడిగే ప్రశ్నే మారిపోతుంది. బడిలో "జవాబు ఎంత?" అంటారు. కాలేజీలో "అది నిజమని నీకెలా తెలుసు?" అంటారు. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ చరిత్ర కొంత చెబుతాను.

17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిజ్ ఎవరికి వారుగా కలనగణితాన్ని రూపొందించారు. జవాబులు చక్కగా వచ్చేవి. కానీ లెక్కంతా ఒక వింత రాశి మీద నిలబడింది. భాగించేటప్పుడు అది సున్నా కాదు, చివర్లో వదిలేసేటప్పుడు సున్నా! 1734లో జార్జ్ బర్క్‌లీ అనే మతాచార్యుడు ఈ లొసుగును ఎత్తిచూపి ఎగతాళి చేశాడు. ఆయన తప్పు పట్టింది జవాబులను కాదు, వాటిని చేరిన దారిని. ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచినా అందరూ ఒప్పుకునే సమాధానం దొరకలేదు.

చివరికి ఆ సమాధానం చాలావరకు తరగతి గదుల్లోంచే వచ్చింది. అదీ ఇంజనీర్లను తయారుచేసే తరగతి గదుల్లోంచి. ఫ్రాన్స్‌లో 1794లో ఎకోల్ పాలిటెక్నిక్ పెట్టారు. అక్కడ పాఠం చెప్పిన కోషీ స్వయంగా షెర్‌బూర్ ఓడరేవు పనుల్లో ఇంజనీరుగా చేసినవాడు. 1821లో అచ్చయిన పాఠ్యగ్రంథంలో ఆయన అవధి అనే భావనను పునాదిగా పెట్టి కలనగణితాన్ని మళ్లీ కట్టాడు. ఇంజనీర్లకు ఇంత సిద్ధాంతం ఎందుకని విద్యార్థులూ, కళాశాల పెద్దలూ కూడా గొణిగారు. నేటి మన పిల్లల గొణుగుడు 200 ఏళ్ల నాటిదన్నమాట!

అంతటి కోషీ గ్రంథంలోనూ ఒక సిద్ధాంతం అన్ని సందర్భాల్లో నిలబడదని 1826లో ఏబెల్ అనే యువకుడు ఉదాహరణతో చూపాడు. 1858లో జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో మొదటిసారి కలనగణితం బోధిస్తున్న డెడెకిండ్‌కు తాను చెప్పే పాఠానికే పునాది చాలదనిపించింది. వాస్తవ సంఖ్య అంటే ఏమిటో తేల్చుకుని, 1872లో దాన్ని ప్రచురించాడు. పదేళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి ఆ తర్వాత బెర్లిన్‌లో ఆచార్యుడైన వైయర్‌స్ట్రాస్ ఎప్సిలాన్, డెల్టాలతో అవధి నిర్వచనాన్ని స్థిరపరిచాడు.

మన పిల్లలు మొదట తడబడేది ఆ నిర్వచనం దగ్గరే. వర్క్‌షాపులో పనిచేసినవారికి అది కొత్తేమీ కాదు. దాన్ని మేం టాలరెన్స్ అంటాం. చదరపు రేకు భుజం 3 అయితే వైశాల్యం 9. "వైశాల్యంలో తేడా 0.07 దాటకూడదు" అన్నారనుకోండి, భుజంలో తేడాను 0.01 లోపు ఉంచితే చాలు. మీరు అడిగిన 0.07 ఎప్సిలాన్, నేను హామీ ఇచ్చిన 0.01 డెల్టా. మీరు ఎంత చిన్న ఎప్సిలాన్ అడిగినా నేను దానికి తగిన డెల్టా చూపగలగాలి. నిర్వచనం చెప్పేది ఇంతే.

మన దేశంలో ఈ "ఎలా తెలుసు?" ఎదురైన వారిలో అందరికీ తెలిసినవారు రామానుజన్. ఆయన చిన్నప్పుడు చదివిన కార్ పుస్తకంలో వేల ఫలితాలున్నాయి గానీ, నిరూపణలు బహు క్లుప్తం. 1913లో మద్రాసు పోర్టు ట్రస్టు గుమాస్తాగా ఉంటూ కేంబ్రిడ్జికి పంపిన ఉత్తరంలోనూ సూత్రాలే ఎక్కువ. జవాబు రాసిన హార్డీ ఆశ్చర్యపోతూనే నిరూపణలు పంపమని అడిగారు. అంతటి మేధావినే అడిగిన ప్రశ్న మన పిల్లల్ని అడిగితే అవమానమేముంది?

కాలేజీకి వెళ్లే పిల్లలకు నాలుగు మాటలు. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవి. అక్కడ వేగమే బలం. కాలేజీలో ఒక్క నిరూపణకు ఒక సాయంత్రం పట్టవచ్చు, అది మందబుద్ధి కాదు. నిర్వచనాన్ని బట్టీ పట్టకండి. అది వర్తించే ఉదాహరణ ఒకటి, వర్తించనిది ఒకటి రాసుకోండి. తెలుగు మీడియం నుంచి వెళ్లినవారు ముందు సొంత మాటల్లో తెలుగులో అర్థం రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చండి. మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తగ్గాయని లెక్కలు మనకు రావని తీర్మానించుకోకండి. మంచి విద్యార్థులు ఆ తీర్మానంతోనే వెనకబడిపోవడం చూశాను.

ఇంజనీరుకు నిరూపణలెందుకు అంటారా? ఇవాళ కంప్యూటరు ఏ నిర్మాణానికైనా అంకెలు క్షణంలో ఇస్తుంది. ఆ అంకెను నమ్మి సంతకం పెట్టేది మనిషి. "ఇది సరైనదని నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న ఉద్యోగంలో రోజూ ఎదురవుతుంది. జవాబు లేకపోతే నష్టం మార్కులతో పోదు.

ఆ ప్రశ్న మన బడిలోనే మొదలైందని చెప్పి ముగిస్తాను. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అంటూ రేఖాగణితంలో మన మాస్టార్లు రాయించింది ఇదే. ఇప్పటి ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే: పరీక్షలో రాదని ఆ ఉపపత్తిని వదిలేయకండి. వారానికి ఒక్కసారైనా, జవాబు సరిగ్గా చెప్పిన పిల్లవాణ్ణి "ఎందుకు?" అని అడగండి. కాలేజీ లెక్కలకు అంతకు మించిన సన్నాహం లేదు.