షంట్: దారి మళ్ళిన ఒక మాట

మీరెప్పుడైనా బిలాస్‌పూర్ మీదుగా రైలులో ప్రయాణించారా? యార్డులో ఒక ఇంజను కొన్ని వ్యాగన్లను ఒక లైను నుంచి మరో లైనులోకి నెడుతూ కనిపిస్తుంది. ఇంగ్లీషు రానివారు కూడా ఆ పనిని 'షంటింగ్' అనే అంటారు. మీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గాల్వనామీటరుకు కలిపే చిన్న నిరోధం పేరు కూడా షంటే! ఈ రెంటికీ సంబంధం ఏమిటి?

షంట్ అనే ఇంగ్లీషు క్రియాపదం 13వ శతాబ్దం నాటిది. చటుక్కున పక్కకు తప్పుకోవడం అని అప్పట్లో దాని అర్థం. క్రమంగా వాడుక తగ్గి, కొన్ని మాండలికాలలో మాత్రమే మిగిలింది. 1840ల్లో బ్రిటన్‌లో రైలుమార్గాలు విస్తరించాయి. బండిని ప్రధాన మార్గం నుంచి పక్క మార్గానికి తప్పించే పనికి రైల్వేవారు ఈ మాటనే వాడసాగారు.

రైలుతోపాటు ఆ మాట మన దేశానికీ వచ్చింది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు మార్గం పూర్తయింది. బిలాస్‌పూర్ వద్ద కట్నీ మార్గం చీలుతుంది. మార్గాలు కలిసే చోట బండ్లను విడదీసి మళ్ళీ కూర్చక తప్పదు. 1902లో వాల్తేరు వైపు మార్గం కూడా ఇదే కంపెనీ చేతికి వచ్చింది. రైల్వే పనుల మీద వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డాయి. రెండు వ్యాగన్ల నడుమ నిలబడి కొక్కెం తగిలించే మనిషికి షంటింగ్ అంటే ప్రాణాలతో చెలగాటం. ఒక్క సైగ పొరబడితే చాలు!

తరువాత విద్యుత్ శాస్త్రం ఈ మాటను అందుకుంది. 99 ఓముల గాల్వనామీటరుకు 1 ఓము షంటును సమాంతరంగా కలిపారనుకోండి. 100 మిల్లీ ఆంపియర్ల ప్రవాహంలో 99 షంటు గుండా పోతాయి, మీటరులోకి 1 మాత్రమే వెళుతుంది. సున్నితమైన తీగచుట్ట కాలిపోకుండా ఉంటుంది. వైద్యంలోనూ అంతే. మెదడులో పేరుకున్న ద్రవాన్ని ఉదరంలోకి పంపే సన్నని గొట్టాన్ని కూడా షంట్ అంటారు.

తెలుగులో దీనికి దగ్గరి క్రియ 'మళ్ళించు'. రైతు కాలవ నీటిని మడిలోకి మళ్ళించడం మీకు తెలిసిందే కదా!

ఈసారి పరీక్షకు షంట్ నిర్వచనాన్ని వల్లె వేయకండి. ఇక్కడ దేనిని, ఎక్కడి నుంచి, ఎటు మళ్ళిస్తున్నారు అని ప్రశ్నించుకోండి. నిర్వచనం దానంతటదే వస్తుంది.