పరీక్షా? ఓటా? - బిలాస్‌పూర్ చరిత్ర చెప్పే పాఠం



రైలు డ్రైవరును ప్రయాణికులు ఓట్లు వేసి ఎన్నుకోరు. కంటిచూపు పరీక్షించి, శిక్షణ ఇచ్చి, అర్హత ఉన్నదని తేలిన తరువాతే అతనికి ఇంజను అప్పగిస్తారు. మరి దేశాన్ని నడిపేవారిని ఏ పరీక్షా లేకుండా ఓటుతో ఎందుకు ఎన్నుకోవాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. ఓడ నడపడం తెలిసినవాడికే చుక్కాని ఇవ్వాలని గ్రీకు తత్త్వవేత్త ప్లేటో సుమారు 2,400 ఏళ్ల క్రితమే వాదించాడు. ప్రతిభ ఉన్నవారిని ఎంపిక చేసి వారికే అధికారం ఇవ్వాలనే ఈ భావనను ప్రతిభాస్వామ్యం అనవచ్చు. ప్రజలే తమ పాలకులను ఎన్నుకోవడం ప్రజాస్వామ్యం. ఈ రెండింటిలో ఏది మేలు? ఒక రైల్వే పట్టణం చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

ఆ పట్టణం నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని పెద్ద జంక్షనుగా మార్చింది. అదే కంపెనీ మార్గాలు వాల్తేరు వరకూ ఉండేవి. అందువల్ల ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనుల కోసం అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా బిలాస్‌పూరే.

ఈ ఊరి నుంచి ఎదిగిన తెలుగువారిలో ముఖ్యులు ఇ. రాఘవేంద్రరావు (1889-1942). ఆయన బారిస్టరు. బిలాస్‌పూర్ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1923లో స్వరాజ్య పార్టీ తరఫున మధ్య పరగణాల శాసనమండలికి ఎన్నికయ్యారు. 1927లో మంత్రి అయ్యారు. తరువాత గవర్నరు కార్యనిర్వాహక మండలిలో హోం సభ్యులయ్యారు. 1936లో కొన్ని నెలల పాటు తాత్కాలిక గవర్నరుగా కూడా వ్యవహరించారు. ఒక భారతీయుడికి ఆ కాలంలో అది అరుదైన గౌరవం. ఆయన సమర్థతను గురించి సందేహానికి తావు లేదు.

1937 ఎన్నికలలో మధ్య పరగణాలు-బేరార్ శాసనసభలోని 112 స్థానాలలో కాంగ్రెస్ 70 గెలిచింది. అయితే గవర్నరు తన ప్రత్యేక అధికారాలతో మంత్రుల పనిలో జోక్యం చేసుకోరని హామీ ఇస్తే తప్ప పదవులు చేపట్టబోమని కాంగ్రెస్ పట్టుబట్టింది. దాంతో గవర్నరు రాఘవేంద్రరావును పిలిచి ప్రధానిని చేశారు. ఆ రోజుల్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. ఆ ప్రభుత్వం 1937 ఏప్రిల్ 1న ఏర్పడింది. జూలై 14న ఎన్.బి.ఖరే నాయకత్వంలో కాంగ్రెస్ మంత్రివర్గం రావడంతో ముగిసింది. అంటే మూడున్నర నెలలు మాత్రమే.

ఇక్కడ లోపం ఎక్కడున్నది? వ్యక్తి ప్రతిభలో కాదు. ఆ ప్రభుత్వం వెనుక శాసనసభలో మెజారిటీ లేదు. పైనున్నవారు ఎంపిక చేసిన మనిషి ఎంత సమర్థుడైనా, అతను జవాబు చెప్పవలసింది ఎంపిక చేసినవారికే.

ఇదే సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో ఏమి జరిగిందో చూడండి. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన వి.వి.గిరి, ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు. ఆయన బొబ్బిలిలో పోటీ చేసి అప్పటి రాష్ట్ర ప్రధాని బొబ్బిలి రాజానే ఓడించి, రాజాజీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. గిరికీ విద్య ఉన్నది, రాఘవేంద్రరావుకూ ఉన్నది. కానీ గిరి విద్యకు ప్రజల సమ్మతి తోడయింది.

అయితే ఓటు ఎప్పుడూ చదువుకున్నవారినే గెలిపిస్తుందా? లేదు. 1957లో అదే గిరి, అప్పటికే కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసినవారు, పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు, మరొకటి జనరల్. గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొర 565 ఓట్ల ఆధిక్యంతో జనరల్ స్థానమే గెలుచుకున్నారు. గిరి న్యాయస్థానానికి వెళ్లారు. గిరిజనుడు జనరల్ స్థానానికి కూడా అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ప్రతిభావాది దీనిని చూపి, “ఇదేనా న్యాయం?” అని అడుగుతాడు. కానీ ప్రతిభను కొలిచే పరీక్ష అందరికీ అందుబాటులో ఉన్నదా అని కూడా అడగాలి. ఐ.సి.ఎస్. పోటీ పరీక్ష 1855లో మొదలైంది. అయినా 1922 వరకు దానిని లండన్‌లో మాత్రమే నిర్వహించారు. ఓడ ప్రయాణానికి డబ్బు లేనివాడు ప్రతిభ ఉన్నా లేనివాడితో సమానమే. ఆనాటి ఓటూ అంతే. 1937 ఎన్నికలలో ఆస్తి, పన్ను, విద్య వంటి అర్హతలు ఉన్న సుమారు 3 కోట్ల మందికే ఓటు ఉండేది. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలలో 17 కోట్లకు పైగా వయోజనులు ఓటర్లయ్యారు. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు.

రాజ్యాంగ సభలో ఈ విషయం చర్చకు వచ్చింది. చట్టాన్ని అమలుచేసేవారికి అర్హతలు నిర్ణయించి, చట్టం చేసేవారికి ఎన్నిక తప్ప ఏ అర్హతా పెట్టకపోవడం పొసగని విషయమని 1949 నవంబరు 26న డా. రాజేంద్రప్రసాద్ విచారపడ్డారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మాత్రం, నిరక్షరాస్యత ఉన్నా సామాన్యుడిపై నమ్మకంతోనే సభ వయోజన ఓటును స్వీకరించిందని చెప్పారు.

చివరకు మన రాజ్యాంగం రెండింటికీ చోటిచ్చింది. 315వ అధికరణం ప్రకారం ఉద్యోగులను ఎంపిక చేసే పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, 326వ అధికరణం ప్రకారం శాసనసభ్యులను ఎన్నుకునే వయోజన ఓటు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనూ ఈ రెండూ కనిపిస్తాయి. ఉద్యోగి పరీక్ష రాసి ఉద్యోగంలో చేరతాడు. ఏ సంఘం తన తరఫున మాట్లాడాలో ఓటుతో నిర్ణయిస్తాడు. రైల్వే సంఘాల గుర్తింపునకు రహస్య ఓటింగు 2007, 2013, 2024 సంవత్సరాలలో జరిగింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. డ్రైవరు రైలును నడుపుతాడు. అది ఏ ఊరికి వెళ్లాలో, ఏ ఊళ్లో ఆగాలో, టిక్కెట్టు ధర ఎంత ఉండాలో అతను నిర్ణయించడు. నడిపే నేర్పుకు పరీక్ష ఉన్నది. గమ్యం మాత్రం అందరి జీవితాలకూ సంబంధించినది. దానికి సరైన జవాబు ఉన్న ప్రశ్నపత్రాన్ని ఎవరూ తయారుచేయలేరు. పైగా పరీక్ష ఒకసారి నెగ్గితే చాలు, ఓటు అడిగేవాడు మళ్లీ మళ్లీ ప్రజల ముందుకు రావాలి. పార్వతీపురంలో ఓడిన గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ప్రజాస్వామ్యంలో ఓటమి శాశ్వతం కాదు, గెలుపూ శాశ్వతం కాదు.

18 ఏళ్లు నిండిన మీలో చాలామంది ఒకే సంవత్సరంలో పోటీ పరీక్షకూ, పోలింగు కేంద్రానికీ వెళతారు. మొదటి చోట మీ ప్రతిభను ఇతరులు పరిశీలిస్తారు. రెండవ చోట పరిశీలించేది మీరే. అభ్యర్థి కులమో, కానుకో చూసి ఆ ప్రశ్నపత్రాన్ని దిద్దితే, రాజేంద్రప్రసాద్ విచారమే నిజమవుతుంది.